సంత రోజు ఫుల్ ఛార్జి

1996. అరకులో బేటరీ షాపు పెట్టి అప్పటికి ఆరేళ్ళు. శుక్రవారం సంత జరిగే చోటుకి నాలుగడుగుల దూరంలో రేకుల కప్పు, రెండు బల్లలు, గోడకి ఒక రెక్టిఫయర్. స్తంభం నుంచి వచ్చే కరెంటును బేటరీకి పనికొచ్చేలా మార్చే పెట్టె అది. యాసిడ్ పడి చిల్లులు పడని లుంగీ నాకొక్కటీ ఉండేది కాదు. విశాఖపట్నంలో పదకొండేళ్ళు పని నేర్చి వచ్చినవాణ్ణి. అప్పలరాజు చెయ్యి పడితేగాని బేటరీ బాగుపడదని జీపులవాళ్ళు అనేవారు. వాళ్ళనేవారో, నేనే అనుకునేవాణ్ణో ఇప్పుడు కచ్చితంగా చెప్పలేను గానీ గర్వం మాత్రం దండిగా ఉండేది. ఇప్పుడూ ఉంది. అప్పటి గర్వానికీ ఇప్పటిదానికీ మధ్య ఒక బేటరీ ఉంది. దాని సంగతే ఇది.

మా పనిలో ముందుగా తెలియాల్సింది ఏ వేగంతో ఎక్కించాలి, ఏ వేగంతో వాడాలి అన్నది. బేటరీ మీద ఎనభై ఏ.హెచ్. అని ఉందనుకోండి. నాలుగు యాంపియర్ల చొప్పున వాడుకుంటే ఇరవై గంటలు వస్తుందని దాని అర్థం. నాలుగు ఇరవైలు ఎనభై. అలాగని నలభై యాంపియర్లు లాగితే రెండు గంటలు రాదు, గంట దాటాక చతికిలబడుతుంది. ఎంత తొందరగా లాగితే అది ఇచ్చేది అంత తగ్గుతుంది. ఎక్కించడంలోనూ తొందర పనికిరాదు. అలాంటి బేటరీకి నాలుగు నుంచి ఎనిమిది యాంపియర్లు పెట్టి పన్నెండు గంటలైనా ఓపిక పట్టాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. వచ్చి కూడా శుక్రవారం నాడు అలా చేసేవాణ్ణి కాదు.

ఎందుకంటే కొండల మీది ఊళ్ళకి వారమంతా ఒకెత్తు, శుక్రవారం ఒకెత్తు. తెల్లవారకముందే బయల్దేరి, నెత్తి మీద పసుపో రాజ్‌మా చిక్కుళ్ళో పెట్టుకుని పదింటికి సంతలో దిగుతారు. ఉప్పు, కిరోసిన్, ఎండు చేపలు కొనుక్కుని ఒంటిగంటా రెండు మధ్య మళ్ళీ కొండెక్కాలి. పొద్దుగూకితే దారిలో ఎలుగుబంట్లు. కత్తి సాన పట్టించుకున్నా, బేటరీ ఛార్జి చేయించుకున్నా ఆ మూడు గంటల్లోనే అయిపోవాలి. పన్నెండు గంటల పని మూడు గంటల్లో ఎలా అవుతుంది? యాంపియర్లు పెంచితే అవుతుంది. పాతిక, ముప్పై దాకా తిప్పేవాణ్ణి. కాసేపటికి లోపల యాసిడ్ మరుగుతున్నట్టు బుడగలు వచ్చేవి. బుడగలొస్తే నిండిందని లెక్క. మీటరు పెడితే పదమూడు వోల్టులు చూపించేది. సుద్దముక్కతో ‘ఫుల్ ఛార్జి’ అని బేటరీ మీద రాసి ఇచ్చేసేవాణ్ణి. వాళ్ళకి ఇంటికెళ్ళే తొందర, నాకు తర్వాతి బేటరీ తొందర.

అలా వచ్చే బేటరీల్లో ఒకటి పెద్దగరువుది. ఊరి అసలు పేరు అది కాదు, అలా అనుకుందాం. రోడ్డు వదిలాక తొమ్మిది కిలోమీటర్లు ఎక్కాలి. ఫోను లేదు, కరెంటు లేదు. మైదానంలోని ఒక మిషన్ ఆసుపత్రివాళ్ళు అక్కడ చిన్న సెంటరు నడిపేవారు. ఒక నర్సు, రెండు మంచాలు, ఒక వైర్‌లెస్ సెట్టు. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే నర్సు ఆ సెట్టులో కింద ఆసుపత్రికి చెప్తుంది. ఊరివాళ్ళు మనిషిని డోలీ కట్టి రోడ్డు దాకా దింపేసరికి జీపు వచ్చి ఉంటుంది. ఆ సెట్టుకి ప్రాణం ఈ బేటరీ.

దాన్ని మోసుకొచ్చేది సుక్రు. ముప్పై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. రెండు వారాలకోసారి కావిడి వేసుకుని వచ్చేవాడు. ఒక పక్క బేటరీ, తూకం సరిపోవడానికి రెండో పక్క రాయి. తిరిగి వెళ్ళేటప్పుడు రాయి తీసేసి ఆ పక్క ఉప్పూ కిరోసినూ కట్టుకునేవాడు. మొదట్లో ఆ బేటరీ మూడు గంటలకి బుడగలు వేసేది. కొన్ని నెలలకి రెండు గంటలకే వేసింది, తర్వాత గంటకే. పని బేగి అయిపోతోందని సుక్రు సంతోషించాడు. సుక్రు సంగతి సరే, నేనూ సంతోషించాను. ముసలాయన రెండు ముద్దలకే చాలన్నాడంటే ఒంట్లో కులాసాగా ఉందనుకున్నట్టు.

ఒక చలికాలపు శుక్రవారం సుక్రుతో పాటు ఆ నర్సు కూడా దిగింది. పేరు కరుణమ్మ, అందరికీ సిస్టరమ్మ. బొబ్బిలి వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. నమస్కారం కూడా లేకుండా బల్ల మీద ఒక కాగితం పెట్టింది. ఆసుపత్రి పెద్ద డాక్టరు సంజాయిషీ అడుగుతూ రాసిన కాగితం. సెట్టును ఎందుకు ఛార్జిలో ఉంచలేదు, నెలాఖరులోగా జవాబివ్వండి, నేను వింటుండగా సెట్టు పనిచేయించి చూపించకపోతే దాన్ని వేరే సెంటరుకి ఇచ్చేస్తాను అని అందులో ఉంది.

ఆ వెనక జరిగింది ఆవిడే చెప్పింది. సుక్రు చెల్లెలికి కాన్పు కష్టమైంది, రక్తం ఆగలేదు. సిస్టర్ సెట్టు పెడితే కింద డాక్టరు గొంతు చక్కగా వినిపిస్తోంది. చెప్పండి పెద్దగరువు, చెప్పండి అని ఆయన అడుగుతూనే ఉన్నాడు. ఈవిడ మాట్లాడడానికి బటన్ నొక్కగానే సెట్టు ఆరిపోతోంది. వదిలితే మళ్ళీ వినిపిస్తోంది. చివరికి కబురు లేకుండానే డోలీ దింపారు. రోడ్డు మీద జీపు లేదు. దారినపోయే బండి దొరికేసరికి నాలుగు గంటలు పట్టింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఇప్పుడు సుక్రు భార్య బుద్రికి ఏడో నెల. సిస్టర్ ఇది చెబుతున్నంతసేపూ సుక్రు కావిడి బద్దను పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

“ఏటి మేస్త్రీ, నువ్వు ఫుల్ ఛార్జి అని సుద్దతో రాసిస్తన్నావు. సెట్టేమో వింటాది గానీ మాటాడదు. ఎవుల్ది తప్పు?” అంది.

నా షాపులో, నలుగురు జీపువాళ్ళ ముందు, ఒక నర్సు నా ఛార్జింగుకి వంక పెట్టడమా! నాకు తిక్క రేగింది. బేటరీలో డిస్టిల్డ్ వాటర్‌కి బదులు గెడ్డ నీళ్ళు, అంటే వాగు నీళ్ళు, పోసి ఉంటారని, కొండ మీద సెంటర్లన్నిటిదీ అదే వరస అని అనేశాను. గెడ్డ నీటిలోని ఉప్పులు ప్లేట్లను తినేస్తాయన్నది నిజమే. కానీ ఆవిడ పోసిందో లేదో అడగకుండా అనడం నా పొగరు.

“ఒచ్చి సూడు,” అంది సిస్టర్. “నాను పోసింది గెడ్డ నీరయితే ఈ కాయితం మీద నానే సంతకం పెట్టి ఉజ్జోగం ఒదిలేసి ఎలిపోతాను.”

పంతానికి పోయి బేటరీని నా చేత్తో నేనే ఛార్జికి పెట్టాను. గంటకి బుడగలొచ్చాయి. సుద్దతో రాశాను. షాపు మూసేసి, సామాను సంచీలో వేసుకుని వాళ్ళతోనే బయల్దేరాను. సుక్రు పాతిక కిలోల బరువు మోస్తూ ముందు నడుస్తుంటే ఉత్త సంచీ పట్టుకున్న నేను పది నిమిషాలకోసారి ఆగాను. రాత్రికి సుక్రు వాళ్ళ ఇంట్లో పడుకోబెట్టారు.

పొద్దున్నే సిస్టర్ తప్పు వెతకడానికి కూర్చున్నాను. బేటరీ చెక్క పలక మీద ఉంది. టెర్మినల్స్‌కి వాజిలిన్ రాసి ఉంది. ఆసుపత్రివాళ్ళు పంపే డిస్టిల్డ్ వాటర్ సీసా మూత బిగించి పక్కనే ఉంది. వైర్లు మందమైనవి, ఒక్కటీ వదులు లేదు. గంటసేపు వెతికాను. నా షాపులో నా బేటరీలే అంత శుభ్రంగా ఉండవు. ఎనిమిదింటికి అన్ని సెంటర్లూ వరసగా డాక్టరుతో మాట్లాడే వేళయింది. సిస్టర్ బటన్ నొక్కి, పెద్దగరువు అని ఊరి పేరు పూర్తిగా అనకముందే సెట్టు ఆరిపోయింది. ముందురోజే నా చేత్తో ఎక్కించిన ఫుల్ ఛార్జి అది.

అక్కడ తెలియాల్సింది ఒక్కటే. ఆ సెట్టు వినడానికి అర యాంపియర్ చాలు. మాట్లాడడానికి బటన్ నొక్కితే ఆరు యాంపియర్లు కావాలి. వినేదానికి పన్నెండు రెట్లు. చిన్న పనికి ప్రాణం ఉన్నట్టు కనిపించే బేటరీ పెద్ద పని వచ్చేసరికి కూలిపోతుంది. సంచీలోంచి సెల్ టెస్టర్ తీశాను. రెండు కోరలతో ఉంటుంది. బేటరీలో ఉన్న ఆరు గదుల్లో ఒక్కొక్కదాని మీద ఆ కోరలు నొక్కితే, గట్టిగా కరెంటు లాగుతూ అది నిలబడుతుందో లేదో ముల్లు చూపిస్తుంది. ఆరింట్లో నాలుగు పడిపోయాయి. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ పెట్టాను. నిండిన బేటరీలో 1250 ఉండాలి, అది 1140 చూపించింది. సగం కూడా ఎక్కలేదు.

ఈ రెండు పరికరాలూ నా షాపులో మేకుకి వేలాడుతూనే ఉండేవి. శుక్రవారం నాడు వాటిని తీసే తీరిక నాకుండేది కాదు.

సిస్టర్‌కి, సుక్రుకి చెప్పక తప్పలేదు. సగం ఛార్జితో వదిలేసిన ప్లేట్ల మీద తెల్లటి పెచ్చు కడుతుంది. దాన్ని సల్ఫేషన్ అంటాం. పెచ్చు కట్టిన ప్లేటు కరెంటును మెల్లగా తప్ప తీసుకోలేదు. ముప్పై యాంపియర్లు తోస్తే ఆ కరెంటు ప్లేటులోకి పోకుండా నీటిని విడగొట్టి బుడగలు లేపుతుంది. బుడగలు చూసి తీసేస్తాం. సగమే ఎక్కుతుంది, పెచ్చు ఇంకా పెరుగుతుంది, మళ్ళీసారి బుడగలు ఇంకా ముందే వస్తాయి. ఇంత పొడుగు చెప్పి వాళ్ళకేం అర్థమవుతుందిలే అనుకున్నాను.

“జీలుగు కల్లు పైనుంచి గబగబ పోస్తే కుండ నురగతో నిండిపోద్ది బాబూ. నువ్వు నురగ సూసి నిండిందనీసినావు,” అన్నాడు సుక్రు.

పదిహేడేళ్ళ నా సర్వీసును ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. నాకు చెవులు వేడెక్కాయి. వాళ్ళ బిడ్డ పోయింది నా సుద్ద రాత నమ్మి. సుక్రు ఆ మాట అనలేదు. అని ఉంటే కొంత తేలిగ్గా ఉండేదేమో.

“మరి ఈ మాట డాక్టరుగారికి ఎవులు సెప్తారు?” అని అడిగింది సిస్టర్. ఉత్తరం రాస్తానన్నాను.

బేటరీ పూర్తిగా చావలేదు. రెండు యాంపియర్లతో రోజుల తరబడి ఎక్కించి, దింపి, మళ్ళీ ఎక్కిస్తే పెచ్చు కరిగే ఆశ ఉంది. దానికి మూడు వారాలు నా దగ్గర ఉండాలి. అక్కడ సుక్రు అడ్డం తిరిగాడు. ఒకప్పుడు ఊరి మైకు బేటరీని మరో ఊళ్ళో షాపువాడి దగ్గర వారం వదిలితే అదే రంగు వేసిన చచ్చిన బేటరీని తిరిగిచ్చాడట. అప్పటినుంచి సంతకి వెళ్ళిన సామాను అదే రోజు ఊరు చేరాలన్నది ఆ ఊరి కట్టుబాటు. నన్ను దొంగనుకుంటున్నారా అని గొంతు పెంచాను. సుక్రు మెత్తగానే చెప్పాడు. మా ఊళ్ళో ఒకరి ఎద్దును దున్నుకోడానికి తోలుకెళ్తే తన మేకను వాళ్ళ పాకలో కట్టి వెళ్తారు, దొంగలని కాదు, అది పద్ధతి అన్నాడు.

బాగుంది అనిపించింది. మర్నాడు వాళ్ళ బేటరీ కావిడిలో నాతో దిగింది. తిరుగు కావిడిలో నా షాపులోని మంచి బేటరీ, అప్పటికప్పుడు ఛార్జి కొలిచి చూపించాక, పెద్దగరువుకి ఎక్కింది. నా మేకను వాళ్ళ పాకలో కట్టాను.

ఆ మూడు వారాలు నేను చేసిన పని గురించి గొప్పగా చెప్పుకుంటాను, ఏమీ అనుకోకండి. రెండు యాంపియర్లతో మొదలుపెట్టాను. కరెంటు పోతే లేచి వచ్చి మళ్ళీ కలిపాను. నాలుగు రోజులకి యాసిడ్ 1180కి వచ్చింది. ఒక కారు బల్బు తగిలించి మెల్లగా దింపాను. మళ్ళీ ఎక్కించాను, 1210. రెండు శుక్రవారాలు ఆ బేటరీని బల్ల మీంచి కదపలేదు. రెక్టిఫయర్ అంతా దానికే అంకితమైతే మాకెప్పుడు అని జీపువాళ్ళు విసుక్కున్నారు, పురుడు పోస్తున్నావా అని వెక్కిరించారు. ఔనన్నాను. మూడో వారం ముల్లు 1240 దాకా వచ్చి ఆగింది. 1250 రాలేదు. పోయిన ప్లేటు కొంత పోయినట్టే. ఆరు గదుల మీదా కోరలు నొక్కాను. ఆరూ నిలబడ్డాయి. చచ్చిందని ఎవరైనా పారేసే బేటరీని నిలబెట్టాను. ఆ పూట నా అంత పనిమంతుడు ఈ మన్యంలో లేడనుకున్నాను, ఇప్పటికీ కాదనను.

ఉత్తరం మాత్రం రాయలేదు. రెండుసార్లు కూర్చున్నాను. ఇది నలుగురికీ తెలిస్తే షాపు పేరేం కాను అనిపించి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. బేటరీ బాగైపోతే చాలదా, తప్పెవరిదన్న మాట దేనికి అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మూడో శుక్రవారం సుక్రు కావిడి వెనకే మళ్ళీ ఎక్కాను. శనివారం ఎనిమిదింటికి బేటరీ కలిపాం. సిస్టర్ పిలిస్తే డాక్టరు పలికాడు. బేటరీ మేస్త్రి వచ్చాడని, పరీక్ష చేయిస్తున్నామని చెప్పింది. అయితే ఆయన్నే మాట్లాడమనండి, అయిదు నిమిషాలు బటన్ వదలకుండా ఏదో ఒకటి చెప్పమనండి, నేను గడియారం చూస్తాను అన్నాడు డాక్టరు. ఆరు యాంపియర్లు అయిదు నిమిషాలు. న్యాయమైన పరీక్షే.

మైకు నా చేతిలో పెట్టారు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మైకు పరీక్షలకి మేమందరం చేసేది అదే. ఇరవై దాకా వెళ్ళేసరికి ఎదురుగా సిస్టర్ కనిపించింది. ఒడిలో ఆ సంజాయిషీ కాగితం. జవాబు రాయాల్సిన చోటు ఇంకా ఖాళీగా ఉంది. నెలాఖరుకి రెండు రోజులే ఉంది. నేను రాస్తానన్న మాట నమ్మి ఆవిడ ఏమీ రాయకుండా కూర్చుంది. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

“డాక్టరు గారూ, నేను అరకు బేటరీ మేస్త్రి అప్పలరాజుని,” అన్నాను. “సిస్టర్ గారి తప్పేమీ లేదు. తప్పు నాది. పన్నెండు గంటలు పెట్టాల్సిన ఛార్జి గంటలో పెట్టి ఫుల్ అని రాసిచ్చాను. ఆ రోజు సెట్టు మాట్లాడకపోవడానికి కారణం నేను.”

బటన్ వదల్లేదు. ఎన్ని యాంపియర్లు పెట్టానో, ఎందుకు పెట్టానో, బుడగలు చూసి ఎలా మోసపోయానో అంతా చెప్పాను. అన్ని సెంటర్లకీ ఒకటే లైను. ఈ కొండల్లోని సిస్టర్లందరూ చెవులొగ్గి వింటున్నారని తెలుసు. వాళ్ళ బేటరీల్లో సగం నా షాపులో ఛార్జి అయ్యేవే. సిగ్గేసింది గానీ సెట్టు మీది ఎర్ర దీపం మాత్రం మినుకుమనలేదు. ఏడు నిమిషాలయ్యాక బటన్ వదిలాను.

సిస్టర్, ఆ కాగితం చింపేయండి, నేనే తొందరపడ్డాను అన్నాడు డాక్టరు. మేస్త్రి గారూ, బేటరీలో ఇంకా సత్తువ ఉందా అని నన్నడిగాడు. ఉందన్నాను. అయితే ఎలా ఎక్కించాలో, ఎలా కొలవాలో మళ్ళీ మొదటినుంచి నెమ్మదిగా చెప్పండి, మిగతా సెంటర్లవాళ్ళు రాసుకుంటారు అన్నాడు. చెప్పాను. ఇంకో పది నిమిషాలు. నా పనిని అంత గౌరవంగా అడిగి చెప్పించుకున్నవాళ్ళు అంతకుముందు లేరు. చెబుతూంటే కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

షాపు మూతపడుతుందని భయపడ్డాను గదా, మరో రెండు నెలల్లో తక్కిన సెంటర్లూ వాటి బేటరీలు నాకే పంపాయి. సంత రోజు ఛార్జి చెయ్యనని బోర్డు రాసి పెట్టాను. ఒక శుక్రవారం ఇచ్చి మరో శుక్రవారం తీసుకెళ్ళాలి, ఆ వారానికి నా బేటరీ వాళ్ళ ఊళ్ళో ఉంటుంది. మేకల పద్ధతి అనేవాణ్ణి. 2003లో షాపు మార్చేదాకా అదే నడిచింది. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళకి నేను మొదట చెప్పేది, బేటరీ నిండిందా అని మీటరును అడగొద్దు, బరువు పెట్టి బేటరీనే అడగండి అని. మనిషినీ అలాగే అడగాలని నాకు ఆ ఏడు నిమిషాల్లో తెలిసింది. నేను నిలబడ్డాను. ఈ గర్వం అందుకు.

ఆ వేసవిలో ఒక శుక్రవారం సుక్రు కావిడి లేకుండా వచ్చాడు. బుద్రి రెండు రోజులు నొప్పులు పడినా కాన్పు కాలేదట, బిడ్డ అడ్డం తిరగడంతో సిస్టర్ సెట్టు పట్టుకుందట. ఆసుపత్రివాళ్ళు అడిగినవాటికల్లా జవాబు చెబుతూ చాలాసేపు మాట్లాడిందట. డోలీ రోడ్డు చేరేసరికి జీపూ, అందులో ఇంకో నర్సూ ఉన్నారు. నేను ఏమీ అడగకముందే సుక్రు నా బల్ల మీద చెయ్యి వేశాడు.

“ఆడగుంట పుట్టినాది మేస్త్రీ. తల్లీ పిల్లా ఇద్దరూ ఉన్నారు.”